మట్టం

కాల్లో మేకు దిగిన రోజున గంగులు దాన్ని లెక్కచెయ్యలేదు. విశాఖపట్నం నుంచి లారీలో వచ్చిన రెండు పెద్ద చెక్కపెట్టెల్ని ఆ పొద్దున పెరట్లో, ఆవుల పాక పక్కన విప్పారు. హార్బరులో ఉద్యోగం ముగించుకుని స్వదేశం వెళ్లిపోతున్న ఒక దొర దగ్గర ప్లీడరు జానకిరామయ్యగారు పాటల మిషను కొన్నారు. దాని తాలూకు స్పీకర్లు ఆ పెట్టెల్లో ఉన్నాయి. నడుమెత్తున, నున్నగా, వడ్ల బస్తా అంత బరువుగా ఉన్న ఆ రెంటినీ నలుగురు మనుషులు హాల్లోకి మోసుకుపోయారు. విప్పిన చెక్కలు పొయ్యిలోకి పనికొస్తాయని గంగులు ఏరి పేరుస్తూంటే ఒక మేకు మడమలో దిగింది. పీకి అవతల పారేసి, కాస్త పసుపు అద్ది, మొక్కలకి నీళ్లు పెట్టడానికి వెళ్లిపోయాడు. ఆ ఇంటికి తోటమాలీ కాపలాదారూ రెండూ అతనే.

వారం తిరిగేసరికి అన్నం ముద్ద నోట్లోకి పోవడం మానేసింది. పంటినొప్పి అనుకున్నాడు. మర్నాటికి మెడ తిరగలేదు. ఆ సాయంత్రం ఎవరో చేద బావిలోకి వదిలిన చప్పుడికి వీపు విల్లులా వంగిపోయి అరుగు మీంచి కిందపడ్డాడు.

కబురు అందుకుని కలప అడితి నుంచి వడ్రంగి అప్పలసూరి పరిగెత్తుకొచ్చాడు. గంగులు పెళ్లాం తవిటమ్మ అతనికి స్వయానా చెల్లెలు. ఇద్దరూ కలిసి గంగుల్ని రిక్షాలో ఒళ్లో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయారు. దారి పొడుగునా రిక్షావాడు గంట కొట్టినప్పుడల్లా గంగులు బిగుసుకుపోతుంటే, అప్పలసూరి చెయ్యి చాచి ఆ గంట మూతని పిడికిట్లో పట్టుకుని కూచున్నాడు.

"ధనుర్వాతం" అన్నాడు డాక్టరు, దవడ నొక్కి చూసి. "మా దగ్గర చీకటి గది ఒక్కటే ఉంది. దాన్లో ఇద్దరు పసివాళ్లున్నారు. ఈ వరండాలో పడుకోబెడితే బక్కెట్ల మోతకీ జనం మాటలకీ రోజంతా ఇలాగే వంగిపోతాడు. ఆ వంగడంలోనే ఊపిరి ఆగిపోతుంది. ఇంటి దగ్గర చీకటి గది ఏదైనా ఉందా? చప్పుడు రానిది?"

"ఉన్నాది బాబూ" అంది తవిటమ్మ.

"సీరం ఇస్తున్నాను. తీసుకెళ్లి అక్కడే ఉంచండి. వెలుతురు తగలకూడదు. ఊరికే ముట్టుకోకూడదు. చప్పుడు అసలు కూడదు. కాంపౌండరు వచ్చి సూది ఇస్తాడు. ఒకసారి పడుకోబెట్టాక మరి కదపొద్దు. ఇంకో వారం గడిచిందా, బతికినట్టే."

తవిటమ్మ చెప్పిన గది ప్లీడరుగారి హాలు వెనక గోడకి ఆనించి దించిన పెంకుల వసారాలో ఉంది. గంగులూ తవిటమ్మా కాపురం ఉంటున్నది అక్కడే. గదికి ఒకటే కిటికీ. అప్పలసూరి దానికి గోనెపట్టా రెండు మడతలు వేసి కట్టాడు. తలుపు బందుల్లో ఆముదం పోశాడు. గడియ ఊడదీసి దాని బదులు తాడు ముడి పెట్టాడు. గుమ్మం ముందు ఇసక పోసి దానిమీద పాత గోనెలు పరిచాడు. తవిటమ్మ కాళ్ల కడియాలు తీసి బియ్యం కుండలో దాచింది. గాజులు తియ్యకూడదు గనక వాటిమీద గుడ్డపేలికలు చుట్టుకుంది. ఆవు మెడలో గంట విప్పేసింది. కోడిపుంజుని పక్కవీధిలో ఎవరికో ఇచ్చేసి వచ్చింది. గిన్నె కింద పెట్టాలన్నా ముందు గుడ్డ పరిచి దానిమీద పెట్టేది.

గంగులికి తెలివి పూర్తిగా ఉంది. అదే కష్టంగా ఉంది చూసేవాళ్లకి. పళ్లు బిగుసుకుని ముఖమంతా నవ్వుతున్నట్టు సాగిపోయింది, కళ్లు మాత్రం అటూ ఇటూ తిరిగి అందర్నీ గుర్తుపడుతున్నాయి.

"బావా" అన్నాడు పళ్ల సందులోంచి. "మొక్కలకి నీల్లు..."

"నాను పెట్టీసినాను. నువ్వు మాటాడకు" అన్నాడు అప్పలసూరి.

ఆ పగలంతా ఒక్కసారి కూడా వంగలేదు. తవిటమ్మ దూదిని జావలో ముంచి పళ్ల సందులో పిండుతూ ఉంటే కొంచెం కొంచెం మింగాడు కూడా. దీపాలు పెట్టే వేళకి ఆమె ముఖంలో కాస్త తేట కనిపించింది. అప్పలసూరి గోడకి చేరబడి కూచుని, రేపు అడితికి వెళ్లొచ్చా అని ఆలోచిస్తున్నాడు.

అప్పుడు నేల కదిలింది. చెవికి వినిపించకముందే అది ఒంటికి తెలిసింది. కూచున్న చోట తొడల్లోంచి, ఆనుకున్న గోడలోంచి వీపులోకి, లోపలెక్కడో మృదంగం మీద దరువు పడినట్టు. మంచం పట్టె సన్నగా అదిరింది. గంగులు వీపు లేచింది. తలా మడమలూ తప్ప ఒంట్లో ఏదీ మంచానికి ఆనలేదు. నోట్లోంచి అరుపు కూడా రాలేదు, గాలి మాత్రం పళ్లమధ్య ఈల వేసింది. తవిటమ్మ రెండు చేతులూ చాచి, ముట్టుకోకూడదని గుర్తొచ్చి, ఆ చేతులు అలాగే గాల్లో పెట్టుకుని ఉండిపోయింది.

అప్పలసూరి లేచి మేడలోకి పరిగెత్తాడు.

*

జానకిరామయ్యగారు సంగతి వినగానే రికార్డు మీంచి ముల్లు ఎత్తేశారు. ఏ గొడవా పెట్టకుండా ఎత్తేశారు. "నాకు తోచలేదోయ్" అన్నారు. "గంగులికి ఒంట్లో బాగా లేదన్నారు గానీ ఇంత సున్నితం అని తెలీదు. వాడికి తగ్గేదాకా దీని జోలికి పోను." ఆయన భార్య శ్యామలాంబగారు బార్లీ డబ్బా ఇచ్చి, కాచి ఎలా వడకట్టాలో చెప్పి పంపారు.

రెండు రోజులు ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. గంగులు ఒంట్లో బిగువు కాస్త సడలింది. కాంపౌండరు చూసి తల పంకించాడు. మూడో రోజు సాయంత్రం మళ్లీ గోడ మూలిగింది.

ఈసారి అప్పలసూరి వెళ్లేసరికి జానకిరామయ్యగారు కుర్చీని స్పీకరు దగ్గరికి లాక్కుని, చెవి దానికి ఆనించినంత పనిచేసి వింటున్నారు. నిజంగానే గదిలో చప్పుడు ఏమంత లేదు.

"చూడు, నాకే సరిగ్గా వినబడటం లేదు" అన్నారు ఆయన, తప్పు చేస్తూ దొరికిపోయినట్టు. "ఇంత చిన్నగా పెడితే కూడానా?"

"మల్లీ వంగిపోనాడు బాబూ."

ఆయన ముల్లు ఎత్తి, రికార్డుని బట్టతో తుడిచారు. చిన్నప్పట్నుంచీ పాటకచేరీల వెంట తిరిగిన మనిషి. తండ్రిగారు పాడేవారు. అలాంటి మిషను ఈ జిల్లాలో ఇంకెవరి దగ్గరా లేదు. ఆయన చేతిలో ఆ నల్లటి పళ్లెం తిరుగుతూంటే అప్పలసూరికి ఆకలేసినవాడి చేతిలో కంచం చూస్తున్నట్టనిపించింది, కోపం రాలేదు.

"ఆదివారం నాడు నలుగుర్నీ పిలిచాను అప్పలసూరీ. జడ్జిగారు వస్తున్నారు. విశాఖపట్నం నుంచి కూడా వస్తున్నారు. ఇప్పుడు రావద్దని కబురెలా చెయ్యను? పోనీ గంగుల్ని తోట చివర పాకలోకి మారిస్తేనో?"

"కదపద్దన్నారు బాబూ డాకటరుబాబు. కదిపితే దార్లోనే పోతాడన్నారు."

"అవును. అదీ నిజమే."

"పెట్టెలు ఇంకో గోడవారకి జరుపుకుంటే?"

"మిగతా మూడు గోడలకీ గుమ్మాలేనయ్యా. కరెంటు తీసుకునేది కూడా ఇక్కడే."

అప్పలసూరి కిందికి చూశాడు. కింద నాపరాయి పరుపు. "ఓపాలి పెట్టండి బాబూ. రవ్వంత. వెంటనే ఆపీయండి" అన్నాడు. ఆయన పెట్టగానే మోకాళ్లమీద కూచుని అరచెయ్యి రాతిమీద ఆనించాడు. గాల్లో దోమ రొద అంత కూడా లేని పాట, రాతిలో మాత్రం రంపపు మిల్లు పక్కన నిలబడ్డట్టు తెలుస్తోంది. ఒక్కొక్క రాయీ దాన్ని పక్కరాయికి అందిస్తూ గోడ కిందికి తీసుకుపోతోంది.

"సెవికి రాడం నేదు బాబూ ఇది. నేలలోంచి పోతన్నాది. పెట్టెలు నేలకి తగలకుండా ఎత్తుమీద పెడితే అటు ఎల్లదేమో. నాను సేస్తాను."

జానకిరామయ్యగారి ముఖం విప్పారింది. ఆయన లేచి, మిషనుతో పాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకం తీసి పేజీలు తిప్పారు. "వీళ్లూ అదే అన్నారు. నేలమీంచి లేపాలి, కూచున్నవాడి చెవి ఎత్తుకి రావాలి, రెండూ సరిగ్గా ఒకే మట్టంగా ఉండాలని. మోసుకొచ్చినవాళ్లు ఎక్కడ దించితే అక్కడే ఉంచేశాను. నువ్వు చెయ్యగలవా? ఆదివారం లోపల?"

"సేస్తాను బాబూ. అందాకా పెట్టకండి."

"పెట్టను."

*

మేకు కొట్టకుండా, సుత్తి ఎత్తకుండా చెయ్యాలి. అప్పలసూరి ఇన్నేళ్లలో అలాంటి పని చెయ్యలేదు. రెండు పీటలకీ కర్ర అడితిలోనే కోశాడు. బరువుకి కదలకుండా ఉండాలని గుగ్గిలం చెక్క ఎంచుకున్నాడు. కాళ్లూ పట్టెలూ దేనికది గాడి తీసి, ఒకదాన్లోకి ఒకటి చేత్తో నొక్కితే దిగేటట్టు ఉలితో చెక్కాడు. బిగువు చాలనిచోట వెదురు చీలలు దూర్చాడు. పీట పైభాగం పలకలా కాకుండా లోతు పళ్లెంలా చేశాడు. అందులో చంపావతి ఏటి ఇసక జల్లించి పోసి, ఇసకమీద పలక వేసి, పలకమీద స్పీకరు పెడితే చప్పుడు ఇసకలోనే ఇంకిపోతుందని అతని ఊహ. కాళ్ల కిందికి లారీ ట్యూబు ముక్కలు కోసి మడతలు పెట్టాడు. ఇది పనిచేస్తుందో లేదో అతనికి తెలీదు. అడగడానికి తెలిసినవాళ్లూ ఎవరూ లేరు.

శనివారం పొద్దున్న పీటలు రెండూ బండిమీద తెచ్చి, బండి వీధి మలుపులోనే ఆపించి, అక్కణ్నుంచి భుజాలమీద మోయించాడు. కూలీల్ని చెప్పులు విప్పించి, ఒక్కొక్కడి చెవిలో చెప్పాడు. "మాటాడకండి. నాను సెయ్యెత్తితే ఎత్తండి, దించితే దించండి." వాళ్లు తమాషాగా చూశారు గానీ గది గుమ్మంలో కూచున్న తవిటమ్మని చూశాక మరేం అడగలేదు.

పీటలు నేలమీద పెట్టి, తాపీమేస్త్రి దగ్గర అరువు తెచ్చిన రసమట్టం పైన ఉంచాడు. గాజుగొట్టంలో బుడగ ఒక పక్కకి పరిగెత్తింది. కడిగిన నీళ్లు పోవడానికి నేలని తూము వైపుకి వాలుగా వేశారు. కాలు కాలికీ కొలత వేరు. ఇంట్లో రంపం పెట్టడానికి లేదు. ఏ కాలు ఎంత తగ్గించాలో బొగ్గుతో గీసుకుని, పీటని మోసుకుని వీధి చివర జీడిమామిడి చెట్టు కిందికి వెళ్లి, అక్కడ చిత్రిక పట్టి, మళ్లీ మోసుకొచ్చి పెట్టేవాడు. బుడగ కొంచెం మధ్యకి వచ్చేది. మళ్లీ మోసుకుపోయేవాడు. ఎండ నెత్తికెక్కింది. భుజాలమీద తోలు లేచింది. జానకిరామయ్యగారు విసుక్కోకుండా ప్రతిసారీ తలుపు పట్టుకుని నిలబడ్డారు. మధ్యలో శ్యామలాంబగారు మజ్జిగ తెచ్చి ఇస్తూ, "వాడెలా ఉన్నాడు?" అని అడిగారు.

"రాత్రి కాస్త పడుకున్నాడమ్మా."

మధ్యాన్నం దాటాక బుడగ గీతల మధ్య నిలిచింది. పీటని పొడుగునా చూసినా అడ్డంగా చూసినా నిలిచింది. అప్పలసూరి చెయ్యి ఎత్తాడు. నలుగురూ ఊపిరి బిగబట్టి స్పీకరుని లేపారు. చెయ్యి దించాడు. ఇసక కరకరమంది, అంతే. రెండోది కూడా ఎక్కించి, పైన మళ్లీ రసమట్టం పెట్టి చూశాడు. ఎడంవైపుది ఇసక సర్దుకుని వెంట్రుకవాసి కుంగింది. దింపించి, ఇసక గీసి, మళ్లీ ఎత్తించాడు.

"ఇప్పుడు పెట్టండి బాబూ. రవంత రవంతగా పెంచండి."

తవిటమ్మ గదిలో నేలమీద అరచెయ్యి పెట్టుకుని కూచుంది. పాట మొదలైంది. అప్పలసూరి పెరటి గుమ్మంలో నిలబడి ఆ గది తలుపు వంకే చూస్తున్నాడు. చాలాసేపటికి తలుపు కొంచెం తెరుచుకుని తవిటమ్మ తల కనిపించింది. గుడ్డ చుట్టిన చెయ్యి పైకెత్తి, ఏమీ లేదన్నట్టు అరచెయ్యి అటూ ఇటూ తిప్పింది. ఆ మనిషి నవ్వడం అతను వారం రోజుల తరవాత చూశాడు.

అతను హాల్లోకి వచ్చేసరికి జానకిరామయ్యగారు కుర్చీలో కదలకుండా కూచుని ఉన్నారు. పాట ఇదివరకులా పెట్టెల్లోంచి రావడం లేదు. పెట్టెలు ఉన్నట్టే లేదు. రెంటికీ మధ్య, ఖాళీగా ఉన్న గోడ ముందు, ఎవరో మనిషి కూచుని పాడుతున్నట్టుంది. పాడేవాడు ఊపిరి తీసుకోవడం వినిపిస్తోంది. అటుపక్క తంబురా, ఇటుపక్క మృదంగం. అప్పలసూరి ఒక్క క్షణం తను ఎందుకొచ్చాడో మరిచిపోయాడు.

పాట అయ్యాక జానకిరామయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. లేచి వచ్చి అప్పలసూరి చెయ్యి పట్టుకున్నారు. అంతకుముందు ఎప్పుడూ ఆయన అతన్ని తాకలేదు.

"నువ్వేం చేశావో నీకు తెలుసా?"

"తెలుసు బాబూ. ఆడు కదలనేదట."

"ఎవడు?" అన్నారు జానకిరామయ్యగారు.

వెంటనే గుర్తొచ్చింది ఆయనకి. "ఔనౌను, గంగులు. మంచిది, చాలా మంచిది. వాడికీ హాయి, మనకీ హాయి" అన్నారు.

*

ఆదివారం మధ్యాన్నం మూడు కార్లు వచ్చి వీధిలో ఆగాయి. వాటి తలుపులు గట్టిగా వెయ్యకుండా అప్పలసూరి దగ్గర నిలబడి తనే చేత్తో మూశాడు. పెద్దవాళ్లు లోపలికి వెళ్లారు. పాట మొదలైంది.

మొదట ఫరవాలేదు. గదిలో కూచుంటే పాట నీళ్లలోంచి వచ్చినట్టు దూరంగా ఉంది. నేల చల్లగా, కదలకుండా ఉంది. గంగులు కళ్లు మూసుకున్నాడు. తవిటమ్మ విసనకర్ర కూడా విసరకుండా, ఈగ వాలితే దాన్ని కొసతో అదిలిస్తోంది.

తరవాత పాట పెరిగింది. లోపల ఎవరో ఏదో అడిగినట్టున్నారు, కుర్చీలు వెనక్కి జరిగినట్టున్నాయి. ఇంకా పెరిగింది. ఇది నేలలోంచి రావడం లేదు. అప్పలసూరి తలెత్తాడు. హాలు గోడకి పైన, కప్పు దగ్గర, గాలికోసం వదిలిన కిటికీ ఒకటుంది. పాట ఇదివరకు మొద్దుగా నేలని గుద్దేది. ఇప్పుడు చెవుల ఎత్తుకి లేచి, తేటపడి, ఆ పైకిటికీలోంచి దుమికి పెంకుల సందుల్లోంచి సూటిగా మంచం మీదికి దిగుతోంది. మాట మాటా వినిపిస్తోంది. మృదంగం ఒక్కటే మోగే తనియావర్తనం అందుకుంది.

గంగులు వంగిపోయాడు. ఆ వంపు దిగడానికి ఎడం లేదు, ఒకదాని వెనక ఒకటి. ముఖం నల్లబడింది. తవిటమ్మ తన పైట చెంగు ఉండచుట్టి అతని చెవులమీద పెట్టబోయింది, ముట్టుకున్నందుకు మరింత బిగుసుకున్నాడు. ఆమె అన్నగారి వంక చూసింది.

అప్పలసూరి హాలు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు. తొడలమీద తాళం వేస్తున్నారు. శ్యామలాంబగారు మిషను పక్కన కూచుని, తరవాతి రికార్డుని తుడిచి సిద్ధంగా పట్టుకున్నారు. జానకిరామయ్యగారు అతన్ని చూసి చేత్తో దగ్గరికి పిలిచారు.

"ఇతనే" అన్నారు పక్కనున్న జడ్జిగారితో, పాట మీంచి వినబడేటట్టు. "ఆ పీటలు ఇతను చేసినవే."

"బాబూ" అన్నాడు అప్పలసూరి.

"అద్భుతమయ్యా" అన్నారు జడ్జిగారు. "మా ఇంటికి కూడా ఓసారి రా. మాదొక రేడియోగ్రాం ఉంది, పెట్టెలో కప్ప అరిచినట్టు అరుస్తుంది."

"బాబూ, గంగులు..."

జానకిరామయ్యగారి భృకుటి ముడిపడింది. చెయ్యి ఎత్తి, ఈ ఒక్కటీ అయిపోనీ అన్నట్టు వేళ్లు కదిపారు. ఆ వేళ్లు మళ్లీ తాళంలో పడిపోయాయి. అప్పలసూరి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతనికి నాలుగడుగుల దూరంలో గోడకి కరెంటు తీగ తగిలించి ఉంది. లాగితే ఊడి వస్తుంది. లాగితే ఏమవుతుందో కూడా తెలుసు. గంగులు కాపురం ఉంటున్నది వాళ్ల గదిలో, కదపడానికి లేదు, రేపు సూది ఇచ్చే కాంపౌండర్ని రప్పిస్తున్నది జానకిరామయ్యగారి కబురే. తీగ వంక చూశాడు. తన చేతుల వంక చూసుకున్నాడు. తలెత్తేసరికి శ్యామలాంబగారు అతన్నే చూస్తున్నారు. ఆవిడ చూపు తిప్పుకుని, రికార్డు ఒళ్లో పెట్టుకుని, దానిమీద లేని దుమ్ము తుడవడం మొదలుపెట్టారు.

తనియావర్తనం ముగిసింది. అందరూ ఒక్కసారి ఊపిరి విడిచారు. జానకిరామయ్యగారు లేచి వచ్చారు. "ఏవిటి? మళ్లీనా? లేపాం కదా పెట్టెలు?" అన్నారు. ఆ మాటలో విసుగు లేదు, నిజంగా అర్థంకాకపోవడమే ఉంది. మిషను దగ్గరికి వెళ్లి పాట తగ్గించారు.

గదిలోకి తిరిగొచ్చేసరికి గంగులు పెదవి కొరుక్కుని ఉన్నాడు. దుప్పటిమీద నెత్తురు. ఊపిరి పైపైన ఆడుతోంది.

మర్నాడు మధ్యాన్నం పోయాడు. అప్పుడు ఇంట్లో పాట లేదు. వీధిలో బండి లేదు. కాకి కూడా అరవలేదు. కాంపౌండరు వచ్చి చూసి, ఈ జబ్బులో బతికేవాళ్లు తక్కువన్నాడు. సీరం ఆలస్యం అయిందన్నాడు. మేకు దిగిన రోజునే రావలసిందన్నాడు. ప్రతి మాటా నిజమే గనక అప్పలసూరి తలూపాడు.

*

దహనం ఖర్చంతా జానకిరామయ్యగారే పెట్టుకున్నారు. మూడు రోజులు కోర్టుకి వెళ్లలేదు, మిషను మీద గుడ్డ కప్పేశారు. నాలుగో రోజు పొద్దున, అప్పలసూరి చెల్లెల్ని తన ఇంటికి తీసుకుపోవడానికి సామాను మూటలు కడుతూంటే, ఆయనే వెనక వసారాకి వచ్చారు. ఈ ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి, కాని ఆ గది గుమ్మం తొక్కడం అదే మొదలు కాబోలు, తల తగలకుండా ఎంత వంగాలో తెలీలేదు.

తవిటమ్మ గోడవారగా కూచుని ఉంది. ఆయన్ని చూసి లేవబోయింది.

"కూచో అమ్మా, కూచో" అన్నారు. గది చుట్టూ చూశారు. కిటికీకి ఇంకా గోనె కట్టే ఉంది. "మీకు ఏం కావాలన్నా మొహమాటపడకండి. ఈ గది ఇంకో మనిషి వచ్చేదాకా ఖాళీగానే ఉంటుంది, ఉండాలంటే ఉండండి."

"మా ఇంటికి తీసుకుపోతాను బాబూ" అన్నాడు అప్పలసూరి.

ఆయన వెళ్లలేదు. శ్యామలాంబగారు పెరటి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. ఆవిడ వైపు ఒకసారి చూసి, మళ్లీ ఇటు తిరిగి, గొంతు తగ్గించి అడిగారు.

"అప్పలసూరీ, నాలుగు రోజులుగా నిద్రపట్టడం లేదు. ఒక్క మాట చెప్పు. పీటలు వేశాక ఇటు ఏమీ రాలేదు కదా? నువ్వే చూశావుగా. ఆదివారం వాడికొచ్చింది మామూలుగా వచ్చేదే కదా? జబ్బు ముదిరి."

అప్పలసూరి మూట ముడిని మళ్లీ విప్పి మళ్లీ వేశాడు. ఆయన వేరే మాట కోసం రాలేదు, ఆ ఒక్క మాట కోసం వచ్చారు. అది ఇచ్చేస్తే పోతుంది. ఇవ్వకపోయినా గంగులు తిరిగి రాడు. చచ్చిపోయినవాడికి చేసేదేమీ లేదు, ఈ ఊళ్లో తను ఇంకా బతకాలి. "నేదు బాబూ" అనడానికి నోరు తెరిచాడు.

"ఓపాలి ఇని సూడండి బాబూ" అంది తవిటమ్మ.

"ఏవిటమ్మా?"

"ఇక్కడ కూకుని ఇనండి. ఆ రోజు ఎంత పెట్టారో అంత పెట్టమనండి."

గొంతు పెంచలేదు. నీళ్లు కావాలని అడిగినట్టు అడిగింది. జానకిరామయ్యగారు "ఇప్పుడెందుకమ్మా అది" అంటూ పెరటివైపు తిరిగారు. గుమ్మం దగ్గర శ్యామలాంబగారు లేరు.

హాల్లో చిన్న చప్పుడైంది, మిషను మీద గుడ్డ తీసినట్టు. కాసేపు ఏమీ లేదు. ఆ తరవాత పాట వచ్చింది.

ఆదివారం నాటి పాటే, ఆ రోజంత పెద్దగానే. పైకిటికీలోంచి, పెంకుల్లోంచి ఆ చీకటిగదిలోకి దిగి, నాలుగు గోడలకీ కొట్టుకుని, మంచం ఉండే చోట నిలబడింది. పాడేవాడి ఊపిరి కూడా వినిపించింది. తవిటమ్మ నేల వంక చూస్తూ కూచుంది. మృదంగం అందుకోగానే గూట్లో పెట్టిన సత్తు గిన్నె సన్నగా మోగడం మొదలుపెట్టింది.

జానకిరామయ్యగారు కప్పు వంక చూశారు. ఆ గిన్నె వంక చూశారు. దాన్ని ఆపాలన్నట్టు చెయ్యి చాచి, అలాగే గాల్లో ఉంచేశారు. "శ్యామలా, ఆపు" అన్నారు. ఆ మాట ఆయన నోటి దగ్గరే పాటలో కలిసిపోయింది. మళ్లీ అరిచారు. పాట ఆగలేదు.

ఆయన గుమ్మంవైపు తిరిగారు. గుమ్మంలో అప్పలసూరి నిలబడి ఉన్నాడు. ఆయన వస్తూంటే పక్కకి తప్పుకోవడం అతనికి పుట్టినప్పట్నుంచీ ఉన్న అలవాటు. కాళ్లు వాటంతట అవే కదలబోయాయి. అతను కదలనివ్వలేదు.

"ఇంకా ఉన్నాది బాబూ" అంది తవిటమ్మ.

జానకిరామయ్యగారు మెల్లిగా, గోడ పట్టుకుని, నేలమీద కూలబడ్డారు. తనియావర్తనం అప్పుడే మొదలైంది.